విరవని సేమ్యా

ఆ వేసవిలో అన్నయ్య తన భార్యను బిలాస్‌పూర్ తీసుకొచ్చి, మా రైల్వే క్వార్టర్‌లో దించి, సెలవు అయిపోయిందని ఒక్కడే కువైట్ వెళ్లిపోయాడు. అక్కడొక ఆసుపత్రిలో అతను ఎలక్ట్రీషియన్, ఆమె నర్సు. ఆమెది ఫిలిప్పీన్స్. కొన్నాళ్లు అత్తవారింట్లో ఉండి, అందరికీ అలవాటు పడ్డాక, ఆగస్టు నెలాఖరుకు తిరిగి వెళ్లాలని ఏర్పాటు. ఆగస్టు మొదట్లోనే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. విమానాలు ఆగిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. చుట్టపుచూపుగా వచ్చిన వదిన మా రెండు గదుల ఇంట్లో చిక్కుబడిపోయింది. అన్నయ్య బతికి ఉన్నాడో లేదో చెప్పేవాళ్లు లేరు.

నేనప్పుడు ఒక హిందీ దినపత్రిక స్థానిక కార్యాలయంలో పనిచేసేవాణ్ణి. పత్రికాఫీసులో ఉన్నవాడికి అన్ని సంగతులూ ముందే తెలుస్తాయని అమ్మ నమ్మకం. సైకిల్ ఇంకా గోడకు ఆనించకముందే గుమ్మంలోకి వచ్చేది.

"ఏటైనా తెలిసిందేటి బాబూ?"

"లేదమ్మా."

"అంత పెద్ద మిషను పెట్టుకుని ఏటి సేస్తార్రా మీరు?"

ఆ మిషను టెలిప్రింటర్. రోజంతా టకటకలాడుతూ ప్రపంచాన్ని కాగితం మీదకు కక్కేది. చమురు ధర గురించి చెప్పేది, మంత్రుల గురించి చెప్పేది. శ్రీకాకుళం నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన ఒక గూడ్సు గార్డు పెద్దకొడుకు ఏ ఎడారి గుడారంలో ఉన్నాడో దానికి తెలియదు.

వదిన బయటకు వెళ్లడం మానేసింది. మొదట్లో కుళాయి దగ్గరకు వెళ్లేది. ఆడవాళ్లు బిందెలు వదిలేసి "చీనీ బహు, చీనీ బహు" అని, చైనా కోడలంటూ, ఆమె కళ్లనూ ముక్కునూ చూసేవారు. ఎవరికీ చెడ్డ మనసు లేదు, కాని చూపు ఆగేది కాదు. ఆ తరువాత ఆమె ప్రపంచం వెనక వరండా వరకే. అక్కడ నిలబడితే యార్డు కనిపిస్తుంది. షంటింగ్ ఇంజన్ బోగీలను ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్లీ అక్కడికే తెచ్చేది. వర్షం పడుతూనే ఉండేది. ఒకసారి నాతో ఇంగ్లిషులో అంది: "ఇన్ని రైళ్లున్న ఊరు నేనెక్కడా చూడలేదు. ఒక్కటీ నేనెక్కేది కాదు."

డబ్బు పోగుచేసి ఆమెను మనీలాకు పంపుదామని నాన్న అన్నారు. నేను ఆమెకు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. భర్త ఈ ఇంటి అడ్రసుకే వస్తాడని ఆమె లెక్క. కాబట్టి కదలదు.

చేయడానికి పని లేకపోవడమే అన్నిటికంటే ఎక్కువగా ఆమెను తినేసింది. చివరకు వంటింటి గుమ్మంలో నిలబడి, తానూ వండుతానని సైగ చేసింది. అమ్మ తన పొయ్యి దగ్గరకు సొంత ఆడపడుచునే రానిచ్చేది కాదు. ఆ రోజు ఏమనుకుందో, పక్కకు జరిగి పీట వేసింది.

మొదట కోడిని వెనిగర్‌లో, వెల్లుల్లితో, మిరియాలతో ఉడికించింది. అడోబో అంటారట. పేరు స్పెయిన్ దొరలు పెట్టింది, వంట మాత్రం వాళ్లు రాకముందునుంచీ ఉన్నదని చెప్పింది. వేడి దేశంలో మాంసం పాడవకుండా పులుపులో ఉడికించుకునేవారట. దొరలు చూసి, తమ దేశంలో ఊరబెట్టే పద్ధతి లాంటిదే అనుకుని ఆ పేరే పెట్టేశారట. తరువాత సినిగాంగ్. చింతపండు రసంలో చేప, ముల్లంగి, ఆకుకూర. అది ఏ దొరా తెచ్చింది కాదు, అచ్చంగా తమదేనంది. అమ్మ గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూసింది.

"పులుసే. పోపు పెట్టడం మర్చిపోయిందంతే. పాపం, మనసు ఇక్కడ లేదు కదా."

ఇంకోరోజు వేరుశనగ గుళ్లు వేయించి నూరింది. వంకాయ, బొబ్బర్లకాయలు, అరటిపువ్వు అందులో ఉడికించింది. కారె-కారె దాని పేరు. అసలు ఎద్దుతోక వేస్తారని నాకు చెప్పింది. ఆ ముక్క నేను అమ్మకు చేరవేయలేదు.

"ఇదేట్రా, ఇడ్లీ చట్నీలో కూరముక్కలు పడిపోయినట్టుంది," అంది అమ్మ. అంటూనే మళ్లీ వడ్డించుకుంది.

వదిన నవ్వి, దాని కథ చెప్పింది. రెండు వందల ఏళ్లకు పైబడిన మాట. ఇంగ్లిషువాళ్లు మద్రాసు నుంచి ఓడల్లో సిపాయిలను తీసుకెళ్లి మనీలాను పట్టుకున్నారు. కొన్నాళ్లకు వదిలేసి వెళ్లిపోయారు. కొందరు సిపాయిలు ఓడ ఎక్కలేదు. అక్కడి ఆడవాళ్లను పెళ్లాడి అక్కడే ఉండిపోయారు. ఇంటి కూర మీద బెంగ. మసాలాలు దొరకవు. దొరికిన పల్లీలతో, కూరకు ఎర్రరంగు తెచ్చే ఏవో గింజలతో ఏదో చేసుకున్నారు. అదే ఇదని తన అమ్మమ్మ ఊళ్లో చెప్పుకుంటారట. నిజమో కాదో తనకు తెలియదంది.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ తినడం ఆపింది.

"మద్రాసు ఓడంటే మన వైపోళ్లూ ఉండుంటారు."

"ఉండొచ్చు."

"మరాళ్ల అమ్మలకి కబురెవరు సెప్పేరు?"

నాన్న లేచి చెయ్యి కడుక్కున్నారు. వదిన నా వైపు చూసింది, అమ్మ ఏమందో చెప్పమన్నట్టు. ఆ మాట మాత్రం చెప్పకుండానే ఆమెకు అర్థమైనట్టుంది. అమ్మ కంచం పక్కకు వచ్చి కూర్చుంది.

సెప్టెంబరులో అన్నయ్య పుట్టినరోజు. ఆ రోజు పాన్సిత్ చేయాలని వదిన పట్టుపట్టింది. అది చీనా వర్తకులతో వాళ్ల దీవులకు వచ్చిన వంటట. పుట్టినరోజుకు తప్పకుండా చేస్తారు. ఎవరి పేరున చేస్తే వారికి ఆయుష్షు. బియ్యప్పిండితో చేసిన సన్నటి నూడుల్స్ కావాలంది. బుధవారి బజారంతా తిరిగినా అలాంటివి లేవు. సేమ్యా ప్యాకెట్ తెచ్చి ఇచ్చాను. కళ్లకద్దుకోలేదు గానీ అంత పనీ చేసింది. అలమరలో పెట్టి స్నానానికి వెళ్లింది.

అమ్మకు ఆ పూట కోడలికి సాయం చేయాలనిపించింది. అలా అనిపించడం అదే మొదలు. సేమ్యా అంటే తెలుగింటి ఆడది ఏం చేస్తుందో అదే చేసింది. ప్యాకెట్ విప్పి, గుప్పిటతో పట్టుకుని, పటపటా ముక్కలుగా విరిచి, నేతిలో ఎర్రగా వేయించింది.

వదిన తడి జుట్టుతో వచ్చి మూకుడులోకి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నేల మీద కూలబడింది.

"ఏటైందర్రా? మాడ్లేదే! నెయ్యి ఎక్కువైందేటి?"

వదిన నాకు ఇంగ్లిషులో చెప్పింది. నేను అమ్మకు, "పొడుగ్గా ఉండాలట" అన్నాను.

"పొడుగ్గా ఎందుకు? నోట్లోకెలగెల్తాది?"

"ఆ పోగు ఎంత పొడుగుంటే మనిషి ఆయుష్షు అంతట. తెంపకూడదట."

అమ్మను ఒప్పించే అవసరం రాలేదు. పిల్లి ఎదురొస్తే నాన్న డ్యూటీకి బయల్దేరడాన్ని కాసేపు ఆపే మనిషి. గరిటె ఆమె చేతిలోంచి జారింది. "అయ్యో నా తండ్రీ, నా సేతుల్తో నానే..." అంటూ తన అరచేతులు చూసుకుంది. వాటికింకా సేమ్యా నలక అంటుకుని ఉంది.

కాసేపటికి అమ్మ లేచింది. మూకుడు దించి మూతపెట్టింది. అటక మీంచి జంతికల గొట్టం దించమని నాకు చెప్పింది. బియ్యప్పిండిని మరిగే నీళ్లలో పోసి ఉక్కించింది, పిసికింది. గొట్టానికి ఒకే కన్నం ఉన్న బిళ్ల బిగించింది. నూనె రాసిన ఇడ్లీ రేకు మీద చుట్టూ తిప్పుతూ నొక్కింది. పోగు ఓ చుట్టు తిరిగి తెగింది. పిండి మళ్లీ గొట్టంలోకి ఎక్కించింది. మళ్లీ తెగింది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న యూనిఫాం విప్పకుండానే, "ఇలా ఇయ్యే, నీ సెయ్యి వణుకుతోంది" అన్నారు. జీవితమంతా జెండా ఊపిన చెయ్యి. ఆయన నొక్కారు, అమ్మ రేకు తిప్పింది. వదిన మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగపట్టి, ఆ తెల్లటి పోగునే చూస్తోంది. బయట షంటింగ్ ఇంజన్ కూత వేసినా ఎవరూ తల ఎత్తలేదు.

గొట్టం ఖాళీ అయ్యేదాకా పోగు తెగలేదు.

ఆవిరి మీద ఉడికించారు. వదిన దాని మీద క్యాబేజీ, క్యారెట్, వేయించిన వెల్లుల్లి వేసి నిమ్మకాయ పిండింది. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. పంచితే తెగుతుంది. తినకపోతే దేనికి?

"నువ్వే తినమ్మా. మొత్తం," అని అమ్మ పళ్లెం ఆమె ముందుకు తోసింది.

వదిన ఒక కొస నోట్లో పెట్టుకుని జుర్రడం మొదలెట్టింది. "కొరికీకు... కొరికీకు," అంటూ అమ్మ పక్కనే. వదినకు తెలుగు రాదు. అయినా కొరకలేదు. బుగ్గలు ఉబ్బిపోయాయి, ముక్కు కారింది, నవ్వో ఏడుపో తెలియలేదు. రెండో కొస కూడా లోపలికి పోయాక అమ్మ కొంగుతో ఆమె మూతి తుడిచింది.

మరునాడు సాయంత్రం సైకిల్ గోడకు ఆనించకముందే, "ఏటైనా తెలిసిందేటి?" అని వినిపించింది. లేదన్నాను. ఆ తరువాత చాలా రోజులు అదే మాట చెప్పాను.

అన్నయ్య దసరా దాటాక వచ్చాడు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి బొంబాయికి విమానంలో, అక్కణ్ణుంచి హౌరా మెయిల్‌లో. గడ్డం, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అమ్మ ఏడ్చి, తిట్టి, పాయసం చేస్తానని వంటింట్లోకి వెళ్లింది. సేమ్యా ప్యాకెట్ విప్పింది. గుప్పిట అలవాటు కొద్దీ బిగిసింది. గుమ్మంలో నిలబడ్డ వదిన వైపు చూసింది. గుప్పిట విప్పి, కట్టకు కట్టే పాలలోకి వంచింది.

అన్నయ్య చెంచా ఎత్తాడు. పోగులు చెంచా నుంచి గిన్నెలోకి తాళ్లలా వేలాడాయి.

"ఇదేటమ్మా? విరవడం మర్చిపోయావేటి?"

"నోర్మూసుకుని తినీ," అంది అమ్మ. "కొరికీకు."