మా సారు గీయని చెట్లు

పోయిన మంగళవారం పొద్దున సారు భార్య ఫోన్ చేసి, "మీ సారు పోయిండమ్మా" అన్నారు. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి బస్సులో వెళ్తున్నంతసేపూ నాకు కన్నీళ్లు రాలేదు. భయం మాత్రం వేసింది.

ఇల్లు కట్టబోయేవాళ్లకు, పూర్తయ్యాక అది ఎలా ఉంటుందో ముందే రంగుల్లో గీసి చూపించడం మా సారు పని. ప్లాను కాగితం మీది గీతలు అందరికీ అర్థం కావు. సారు బొమ్మ చూస్తే అర్థమయ్యేది. ఆయన కుంచెతో గీసేవారు, నేను పక్కన కంప్యూటర్‌లో చేసేదాన్ని.

గీసే ముందు స్థలానికి వెళ్లి ఎండలో కూర్చునేవారు, నీడ ఎటు పడుతుందో చూడటానికి. ఒకసారి గోపాల్‌పేట రైతు ఒకాయన బొమ్మ చూసి, "మస్తు పెద్దగుంటది గద సారూ" అని మురిసిపోయాడు.

"ఉండదు. పక్కన మనిషిని చూడు, నీ అంతే గీసిన. మనిషిని చిన్నగ గీస్తే ఇల్లు పెద్దగ కనబడతది. గదే మోసం" అన్నారు సారు.

నాతో ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. "ఇల్లు ఇంక కట్టనే లేదు. మన బొమ్మను నమ్మి ఆళ్లు పైసలు పెడతరు."

గద్వాల శివార్లలో ఒకాయన అమ్మడానికి వరుస ఇళ్లు కడుతున్నాడు. వాటి వెనక మురికి కాల్వ ఉంది. సారు కాల్వతో సహా గీశారు. సారు కంటి ఆపరేషన్‌కు దవాఖానలో ఉన్న రోజుల్లో ఆ మనిషి నా దగ్గరికి వచ్చాడు. "కాల్వ తీసేసి చెట్లు పెట్టమ్మా, జర మంచిగ కనబడాలె" అన్నాడు. సారు బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అలాగే పెట్టాను. మనుషుల్ని కూడా కొంచెం చిన్నవాళ్లను చేశాను. కింద ఎప్పటిలాగే సారు పేరు ఉంది.

ఇళ్లు పూర్తయ్యాక, వానాకాలంలో ఒకామె ఆ బొమ్మ పట్టుకుని మా షాపు మెట్లెక్కి వచ్చింది. ఆమెది ధరూర్ దగ్గరి పల్లె. మొగుడూ పెళ్లాలు ఏండ్ల తరబడి వలసపోయి పరాయివాళ్ల ఇళ్లకు ఇటుకలు మోసి, చివరికి ఆ వరుసలో తమకో ఇల్లు కొనుక్కున్నారు.

"ఈ చెట్లేడున్నయ్ సారూ? ఇంట్లకు మోరీ కాల్వ నీళ్లొచ్చినయ్" అంది.

సారు బొమ్మను చూశారు. ఒక్కసారి నా వైపు చూశారు. "నాదే తప్పమ్మా" అన్నారు.

ఆమె వెళ్లాక సారు నన్ను తిట్టలేదు. "చేత్తో గీసుంటే ఒక్కసారన్న ఆ కాల్వ కాడికి పోతుంటివి" అన్నారంతే. మర్నాడు మేస్త్రీని తీసుకెళ్లి ఆమె ఇంటి వెనక గడప ఎత్తు పెంచి వచ్చారు. ఆ తర్వాత కుంచె పట్టలేదు. ఊళ్లో ఆయన్ను అబద్ధాల బొమ్మల సారు అన్నారు. నేను నాగర్‌కర్నూల్‌లో సొంత షాపు పెట్టుకున్నాను. పని బాగానే దొరుకుతోంది.

సారు చావు దగ్గరికి ఆ ఇల్లు కొన్నామె కూడా వచ్చింది. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. "ఈ సారు గసుంటి బొమ్మ గీసిండంటె నాకు నమ్మబుద్ధి గాదు. నువ్వు ఆడనే పనిచేస్తుంటివి గద, ఎట్లైంది?"

"తెల్వదు" అన్నాను. ఆయన శవం పది అడుగుల దూరంలో ఉంది.

నాలుగు రోజులు ఆగలేక ఆగి, నిన్న గద్వాల వెళ్లాను. ఆమె ఇంటి గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆమె లోపలికి నడిచి వెనక తలుపు తెరిచింది. ఎత్తు పెంచిన గడపకు జానెడు కింద నల్లటి నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఒక కుర్చీ తెచ్చి, దాని ముఖం కాల్వ వైపు తిప్పి వేసింది.

"కూసో" అంది.