బోకుల బండ మీద నా ఫిజిక్స్

ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఘర్షణ పాఠం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బహుశా క్లాసులో కూడా నిద్రలోనే చెబుతున్నానేమో.

ఏడో తరగతి చదివే మా అమ్మాయికి బడిలో ఒక పని ఇచ్చారు. ప్రశ్న పిల్లలే వేసుకోవాలి, ప్రయోగం ఇంట్లోనే చేయాలి, పెద్దలు జవాబు చెప్పకూడదు. మా అమ్మ పెరట్లో బోకులు తోముకునే చిన్న కడప బండను అమ్మాయి ఆరబెట్టి, దాని మీద ఒకేలాంటి రెండు స్టీలు డబ్బాలు పెట్టింది. ఒకటి ఖాళీ, ఇంకోదాని నిండా శనక్కాయలు. బండను ఒకవైపు మెల్లగా ఎత్తితే ఏది ముందు జారుతుంది?

నా నోరు ఊరుకోలేదు. "బరువుది ముందు జారతాది. ఇంతదానికి ప్రయోగమెందుకు?" అన్నాను.

రెండూ దాదాపు ఒకేసారి జారాయి. శనక్కాయలు పెరడంతా పడ్డాయి. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. జారడానికి బరువుతో పనిలేదని ఏటా బోర్డు మీద లెక్క కట్టి నిరూపించేది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

శనక్కాయలు ఏరుతూ మా అమ్మ అంది: "నీళ్లు పోవాలని ఈ బండ కింద రాయి పెట్టేది నేనే కదరా. రాయి పెద్దదైతే నిండు చెంబూ జారతాది, ఉత్త చెంబూ జారతాది. ఇన్నేండ్లూ సూడకుండానే పిల్లోళ్లకు చెప్తాండావా?"

అమ్మాయి నోట్సులో చివరి వాక్యం ఇది: "మా నాన్న జవాబు చెప్పినాడు. కానీ అది తప్పు కాబట్టి రూలు తప్పలేదు."

దాని కిందే తండ్రి సంతకం పెట్టాలి. పెట్టాను.