బొడ్డెమ్మ పండుకున్నాక

బొడ్డెమ్మను నిద్రపుచ్చాక మళ్లీ లేపకూడదని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను బడికి పోయినదాన్ని కాదు. అక్షరాలు మా నాయిన ఇంట్లోనే దిద్దించాడు. మిగతావన్నీ అత్తగారింటికి వచ్చాక మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఈ రోజుకీ ఆ ఇద్దరికీ మనసులో ఒక దండం పెట్టుకుంటాను.

తొంభైల మొదట్లో ఒక ఏడు, సిద్దిపేటలో ఒక బడి మైదానంలో పిల్లల కోసం మూడు రోజుల కళల పండుగ పెట్టారు. ఒక టెంటులో తోలుబొమ్మలాట, ఇంకో టెంటులో ఇంద్రజాలం. మరొకచోట కొబ్బరిచిప్పల మీద రంపపు పొట్టు, చింతగింజల బంక మెత్తి బొమ్మ మొఖాలు చేయించేవారు. అక్కడికి పోయిన పిల్లలు మోచేతుల దాకా బంకతో బయటికొచ్చేవారు. తుడవబోయిన తల్లుల కొంగులకూ అదే బంక.

అవి బొడ్డెమ్మ రోజులు. పుట్టమన్ను తెచ్చి, పీట మీద నాలుగు అంతస్తులుగా మెత్తి, పూలు పెట్టి, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది సాయంత్రాలు చుట్టూ తిరుగుతూ పాడే ఆట అది. ఆట అయ్యాక జోలపాట పాడి బొడ్డెమ్మను నిద్రపుచ్చుతారు. పలారం పంచుకొని ఇళ్లకు పోతారు. మా వాకిట్లో ఏటా వాడ పిల్లలతో నేను ఆడించేదాన్ని. అది విని, పండుగ ఏర్పాట్లు చూసుకుంటున్న డ్రాయింగు సారు మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, గీసారి మా గ్రౌండుల ఆడించరాదూ? మీకో జాగ ఇస్తం."

అత్తమ్మ లోపలి నుంచే అందుకుంది. "జాగ ఇస్తరు సరే. సాపలు ఇస్తరా, మా పిల్లలే మోసుకరావాల్నా?"

"సాపలు మేమే ఏస్తం పెద్దమ్మా."

"చాయ?"

"మీకు రెండు కప్పులు."

పోతూ పోతూ సారు ఒక మాట చెప్పాడు. రెండో రోజు సాయంత్రం ముఖ్య అతిథి అన్ని టెంట్లూ తిరిగి చూస్తాడు. ఆయన మెచ్చిన జట్లు మూడో రోజు పెద్ద స్టేజీ మీద ఊరందరి ముందు ఆడతాయి. ఈ మాట మా పద్నాలుగు మంది పిల్లలకు చేరడానికి ఎంతసేపూ పట్టలేదు. అందరిలో పెద్దది, పదమూడేళ్ల పిల్ల, నారాయణరావుపేటలో ఉన్న వాళ్ల అమ్మమ్మకు అప్పుడే కబురు పంపేసింది. "మూడో దినం బస్సుకు రా, నేను స్టేజీ మీద ఉంట" అని. ఇంకా ఎవరూ మమ్మల్ని స్టేజీ మీదికి పిలవనేలేదు.

రెండో రోజు అయిదు గంటలకు రావాల్సిన ముఖ్య అతిథి ఆరైనా రాలేదు. పొద్దు కుంకుతోంది. చిన్నపిల్లలు ఆవులిస్తున్నారు. మనుషుల కోసం బొడ్డెమ్మను ఎంతసేపు నిలబెడతామనుకొని ఆట మొదలుపెట్టించాను. ఆ రోజు ఆడినట్టు వాళ్లు ఎన్నడూ ఆడలేదు. మొఖాల టెంటులోని పిల్లలు బంక చేతులతోనే వచ్చి కూర్చున్నారు. చివర జోలపాట పాడి, పీట మీద పసుపు రవికెగుడ్డ కప్పి, అటుకులూ బెల్లమూ పంచడం మొదలుపెట్టామో లేదో, గేటు దగ్గర కారు ఆగింది.

డ్రాయింగు సారు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఒక్క పాట. పదే నిమిషాలు."

"పండుకున్నది సారూ."

"ఎవరు?"

"బొడ్డెమ్మ."

సారు "మట్టిదే గద..." అనబోయి, పక్కనే కూర్చున్న మా అత్తమ్మ మొఖం చూసి ఆగాడు.

"మీ ఇంట్ల పసిపిల్ల పండుకున్నంక సుట్టమొస్తే, లేపి ఆడిపిస్తవా?" అంది అత్తమ్మ.

"సుట్టం కాదు పెద్దమ్మా, ముఖ్య అతిథి."

"అంత పెద్దమనిషికి గీ మాత్రం తెల్వదా?"

పెద్దపిల్ల నా కొంగు పట్టుకుంది. "అక్కా, మా అమ్మమ్మ రేపొస్తది. మెల్లగ పాడుదం. బొడ్డెమ్మకు ఇనవడదు."

ఆ మాటకు నా మనసు మెత్తబడింది, అబద్ధం ఎందుకు? కానీ జోలపాట తర్వాత చప్పుడు చేయొద్దని వారం రోజులుగా వాళ్లకు చెప్పింది నేనే. కారు వచ్చిందని నేనే లేపితే, రేపటి నుంచి వాళ్ల కళ్లకు అది ఉత్త మట్టి.

"లేపం బిడ్డా," అన్నాను. "ఆ వచ్చిన పెద్దసారును రమ్మందాం. ఎట్లున్నదో అట్లనే చూస్తడు."

జట్టులో అందరికన్నా చిన్నది, ఏడేళ్ల పిల్ల, టెంటు ముందుకు పోయి, మూతి మీద వేలు పెట్టుకొని నిలబడింది. "సార్, చెప్పులు ఇడువుండ్రి. సప్పుడు చేయకుండ్రి."

ముఖ్య అతిథి బూట్లు విప్పాడు. వెనకాల వచ్చినవాళ్లూ విప్పక తప్పలేదు. పక్క టెంటు మైకు మోగుతుంటే, తగ్గించమని ఆయనే మనిషిని పంపాడు. వచ్చి చాప మీద కూర్చున్నాడు. చిన్నది చేతిలో పెట్టిన అటుకులు నోట్లో వేసుకున్నాడు.

"ఎప్పుడు లేస్తది?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు పొద్దుగూకంగ," అంది చిన్నది.

"లేచినంక మీరేం చేస్తరు?"

నేను చెప్పబోయేంతలో పెద్దపిల్ల లేచి, పీట చుట్టూ అడుగు వేసింది. వంగింది, చేతులు కలపబోయి వేలెడు దూరంలో ఆపింది. వెనక ఇంకొకతె లేచింది, ఆ వెనక ఇంకొకతె. పద్నాలుగు మందీ తిరిగారు. పాట పెదవుల మీదే కదిలింది. చప్పట్లు మోగలేదు. కాలి పట్టీలు గలగలమనకుండా మునివేళ్ల మీద తిరిగారు. అది నేను నేర్పని ఆట. నేను అత్తమ్మ వైపు చూశాను.

"నిద్ర చెడగొట్టలే," అంది నా చెవిలో. "కానియ్యి."

ముఖ్య అతిథి లేచి పీటకు దండం పెట్టాడు. బూట్లు చేత్తో పట్టుకొని బయటిదాకా వట్టి కాళ్లతోనే నడిచాడు. ఆయన పేరు నాకు గుర్తు లేదు. కానీ ఆయన్ను కన్నతల్లి చల్లగా ఉండాలని ఆ రాత్రి మొక్కుకున్నాను.

కాసేపటికి మైదానంలో మైకు మళ్లీ మోగింది. ఎన్నికైన జట్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. తోలుబొమ్మలు వచ్చాయి, కోలాటం వచ్చింది. మా పేరు రాలేదు. పెద్దపిల్ల నా వైపు చూడకుండా చాప చుడుతోంది.

అప్పుడు డ్రాయింగు సారు చెప్పులు బయటే వదిలి లోపలికి వచ్చాడు. పిల్లల దగ్గర వంగి, గుసగుసగా చెప్పాడు. "మైకుల చెప్తే లేస్తదేమోనని పెద్దసారే వద్దన్నడు. రేపు స్టేజీ మీద మీరున్నరు."

పద్నాలుగు మందీ రెండు చేతులతో నోళ్లు మూసుకున్నారు. చాప అక్కడే పడేసి, మైదానం ఆ చివర ప్రహరీగోడ దాకా పరుగెత్తి, అక్కడ నిలబడి అరిచారు.