మావయ్య చెరువు, నా స్ట్రీమ్

డేటా పని చేసేవాళ్లలో నేను బ్యాచ్ పక్షం. అంకెలన్నీ పోగేసి, ఆరు గంటలకోసారి ఒక్క ఊపున లెక్క తేల్చడమంటే నాకు ప్రాణం. వచ్చింది వచ్చినట్టే చూసే స్ట్రీమ్ పద్ధతిని ఎవరైనా పొగిడితే ఒంటికాలి మీద లేచేదాన్ని. యానాంలో ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కదా, మీటింగుల్లో నా గొంతు కనకాలపేట వీధి చివరికి వినపడేదని మా అమ్మ అంటుంది.

అలాంటి నేను మావయ్య రొయ్యల చెరువుకి ఆక్సిజన్ కొలిచే పెట్టె తయారు చేసి పెట్టాను. కిందటి పంట నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి ఒక్క పూటలో చచ్చింది. ఇదీ పోతే చెరువు వదిలేస్తానని ఆయన తెగేసి చెప్పాడు. నేను యథాప్రకారం బ్యాచ్ పెట్టాను. ఒక మబ్బు రోజున మధ్యాహ్నం పన్నెండుకి రిపోర్టు వచ్చింది: పొద్దున్న తొమ్మిదింటికి ఆక్సిజన్ తగ్గిందట. మావయ్య అప్పటికే రొయ్యల వాలకం చూసి, నీళ్లు చిలికే ఏరియేటర్లు వేసేశాడు.

“నేను తొమ్మిదింటికే చూసేసేనమ్మా. నీ మిషను ఇప్పుడు నిద్ర లేచిందా?” అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. వారం రోజులు కూర్చుని మొత్తం స్ట్రీమ్‌కి మార్చాను. ప్రతి అంకె వెంటనే నా ఫోన్లోకీ మావయ్య ఫోన్లోకీ వస్తుంది. మూడు కంటే తగ్గితే అలారం మోగుతుంది. మొదటిసారి ఆ అంకెల గ్రాఫు గీత నా కళ్ల ముందే కదులుతుంటే ఎంత సంబరపడ్డానో! మీటింగు మధ్యలో కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున్నే అలారం గొల్లుమంది. మావయ్య తింటున్న ఇడ్లీ వదిలేసి పరిగెత్తాడు. తీరా చూస్తే అత్తయ్య పెట్టెకున్న సెన్సర్‌ని పైకి తీసి, కడిగి, ఆక్సిజన్ కొలిచే కొసకి పసుపు దట్టంగా రాసి, బొట్టు పెట్టి మళ్లీ నీళ్లలో దింపింది. మోటారుకీ జనరేటరుకీ పెట్టినట్టే దీనికీ.

“పంటని కాసేది అదేగదమ్మా, దానికెట్టకపోతే ఎలాగ?” అంది.

కొసకి రాయొద్దని బతిమాలాను. తలూపింది. పైవారం మళ్లీ రాసింది. దాంతో శుక్రవారం అలారాన్ని అందరూ పట్టించుకోవడం మానేశారు.

మూడో శుక్రవారం ముసురు పట్టింది. మధ్యాహ్నం అలారం మోగితే మావయ్యకి ఫోన్ చేశాను. భోజనం చేస్తున్నాడు.

“మీ అత్త బొట్టెట్టుంటాదిలే, కంగారు పడకు.”

ఫోన్లో గీత చూశాను. పసుపు రాసిన రోజుల్లో అది ఉన్నట్టుండి దభీమని పడింది. ఇవాళ గంట నుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. ఫోన్లోనే అరిచాను.

“ఇది బొట్టు కాదు మావయ్యా! ముందు ఏరియేటర్లు వెయ్యి!”

పగలు వాటిని ఆపేయడం వాళ్లకి అలవాటు. ఎండ ఉంటే చెరువే ఆక్సిజన్ తయారు చేసుకుంటుంది. ముసురులో అది సాగదు. నేను స్కూటీ మీద వానలో తడుస్తూ అగ్రహారం వైపున్న ఆ చెరువుకి చేరేసరికి ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. ఊపిరాడక గట్టు వారకి వచ్చేసిన రొయ్యల్ని చూసి మావయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ పట్టుకుని వచ్చిన అంకెనల్లా అరిచి చెప్పాను: రెండున్నర. రెండూ ఎనిమిది. మూడు! మూడూ రెండు! ఇన్నేళ్ల ఉద్యోగంలో అంకెల్ని అలా గొంతు చించుకుని చదివింది లేదు. నాలుగు దాటగానే అత్తయ్య నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, నవ్వాను కూడా. రొయ్యలు మెల్లగా లోతుకి వెళ్లిపోయాయి.

ఆ ఊపులో ఆగలేకపోయాను. “మావయ్యా, రొయ్యల తూకం కూడా ఇలాగే ఎప్పటికప్పుడు ఫోన్లో పెట్టేస్తాను!”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నీళ్లకేసి చూశాడు.

“అదెందుకమ్మా? వారం తిరిగితేగానీ రొయ్య బరువు తేలదు. తూకం వారానికోసారి చాలు. ఊపిరి సంగతి మాత్రం ఎప్పటిదప్పుడే చెప్పు. వచ్చే పంటకి కూడా.”