రాజయ్యకు దక్కిన మర్యాద

కూకట్‌పల్లి రాజయ్య దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలవాడు నవ్వాడంటే చెంబులోకి తొంగి చూసేవాడు. పంపుల ఫ్యాక్టరీ వాళ్ళు అతని తండ్రిని ఒరే అంటూనే పొలం రాయించుకున్నారు, బదులుగా కొడుక్కి స్టోరులో నౌకరీ ఇచ్చారు. కొడుకునూ ఒరే అనే పిలిచారు. ఆ ఫ్యాక్టరీలో పనివాడిని గారు అనేది ఒక్కచోటే, పనిలోంచి తీసేసే కాగితంలో. రాజయ్య బామ్మర్ది సాయిలు అలా గారు అనిపించుకున్నాకే ఇంటికి పోయాడు.

డెబ్బై ఎనిమిదిలో స్టోరుకు కంప్యూటరు వచ్చింది. రాజయ్య తన పేరూ, కావలసిన సామాను నంబరూ మీటలు నొక్కి కొడితే, సరుకు ఉన్నదీ లేనిదీ అది కాగితం మీద టకటకా అచ్చుకొట్టి చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఆ మాటలు రాసింది భీమవరం నుంచి వచ్చిన ఇంజనీరమ్మ పుణ్యవతి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను కూడా అండీ అంటుంది. రాజయ్యకు అనుమానం రావడానికి అదొక్కటి చాలు.

ఒకనాడు వేలు జారి ఒక అంకె తప్పు పడింది.

"రాజయ్య గారూ, మీరు తప్పు చేశారండీ" అని కొట్టింది యంత్రం.

గారు వచ్చింది, తప్పు వచ్చింది, ఇక మిగిలింది గేటే. రాజయ్య కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. ఆ తర్వాత మీటల మీద చెయ్యి వేస్తే ఒట్టు. స్టోరు ముందు జనం పేరుకున్నారు. యంత్రం చెడిపోయిందనుకున్నారు పెద్దలు. వాళ్ళకు మనుషులకన్నా యంత్రాల మీదే జాలి ఎక్కువ. అది బాగానే ఉందని తేలాక, "రేపు కూడా ముట్టకపోతే వేరేవాణ్ణి పెడతా" అన్నాడు మేనేజరు. అప్పుడు వచ్చింది పుణ్యవతి.

"ఏమైందండీ?"

"మీకు తెల్వదా అమ్మా? మీరు రాసినదే గద." నలిగిన కాగితం ఆమె ముందు పెట్టాడు. "మా సాయిలును గూడ గిట్లనే గారు అని తీసేసిన్రు."

ఆమె చదివి తల పట్టుకుంది. "అయ్యో, మర్యాదగా ఉంటుందని రాశానండీ! అంకె తప్పు పడితే ఎవరికైనా అదే వస్తుంది. ఉండండి, మారుస్తాను."

మర్నాడు పొద్దున్నే పక్కన నిలబడి, కావాలనే తప్పు నంబరు కొట్టించింది. రాజయ్య ఒక్క వేలితో నొక్కి వెనక్కి జరిగాడు.

"ఆ నంబరు దొరకలేదు రాజయ్యా. మళ్ళీ కొట్టు" అని వచ్చింది.

రాజయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. కాగితం వెనక కూడా తిప్పి చూశాడు. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. అయినా ముఖంలో అనుమానం పోలేదు.

"ఇంకా ఏంటండీ భయం?"

"భయం గాదమ్మా. తప్పు చేసిననాడు గారు అన్నది. నా తప్పు లేదని తెల్సినంక, ఆ గారు ఎందుకు తీసేసిన్రు?"