కప్ప అంటే చాయ్, దున్న అంటే తెలీదు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, మా బహదూర్‌పురా గల్లీలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళంటే ఒక రకమైన భయం ఉండేది. డాక్టరును చూస్తే కలిగే భయం లాంటిది. ఆస్పత్రి చీటీ చదవాలన్నా, కరెంటాఫీసు కాగితం మీద ఏమి రాశారో తెలియాలన్నా ఇంగ్లీషు వచ్చినవాణ్ణి వెతుక్కుంటూ నాలుగు గల్లీలు తిరిగేవాళ్ళు. అలాంటి చోట, ఏడు బర్రెలున్న పాల ఇంట్లో పుట్టి, ఇంటర్ దాకా తెలుగులోనే చదివిన నేను ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగంలో చేరానంటే అది నా తెలివి అనుకునేరు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణం ఉన్న ఒక సేఠ్ ఇంటికి మా బాపు పాలు పోసేవాడు. (పాలు చిక్కగా ఉండేవి. నా ఉద్యోగంలో వాటి వాటా ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.) విదేశీ ఆడవాళ్ళు వస్తే దండలు చూపించడానికి ఒక అమ్మాయి కావాలని సేఠ్ అంటే, "మా బిడ్డకు ఇంగ్లీషు మస్తు వస్తది" అనేశాడు బాపు. నిజానికి నా దగ్గర ఉన్నది, నెల రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతానని అట్ట మీద ప్రమాణం చేసిన ఒక పుస్తకం. అందులోనూ నేను పదకొండో రోజు దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

"ఒక్క నెల చూస్త. కస్టమర్ నారాజ్ అయితే, బస్, ఇంటికి పో" అన్నాడు సేఠ్ మొదటి రోజే. దుకాణంలో నా మీద ఒక మేనేజరు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, ఇంగ్లీషులో ఎం.ఏ. చాయ్ వద్దని చెప్పడానికి కూడా మూడు కామాలున్న వాక్యం వాడేవారు. అందరం ఆయన్ని చాటుగా 'గ్రామర్ గారు' అనేవాళ్ళం. ఆయన ఇంగ్లీషు నాకు బాగానే అర్థమయ్యేది, ఎందుకంటే అది పుస్తకంలోలాగే ఉండేది. వచ్చిన చిక్కల్లా తెల్లవాళ్ళతోనే. వాళ్ళెవ్వరూ ఆ పుస్తకం చదివినట్టు లేదు. ఒకామె గాజు పెట్టె మీదికి వంగి "వానా సీ దట్" అంది. వాన పడుతోందేమోనని నేను బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చాను. మరునాడు ఒక పొడుగాటి కుర్రాణ్ణి ఏ దండ నచ్చిందని అడిగితే భుజాలెగరేసి "ఐ దున్నో" అన్నాడు. నాకు మండిపోయింది. బర్రెల ఇంటి పిల్లనని ఇతనికి ఎవరు చెప్పారు? నన్ను దున్న అంటాడా? ఇంటికెళ్ళి ఏడుస్తూ చెబితే, బాపు చాలాసేపు ఆలోచించి, "నిన్ను అనలే బిడ్డా. 'ఐ' అన్నడంటే ఆయననే ఆయన అనుకున్నడు. పాపం, ఏం కష్టమొచ్చిందో" అన్నాడు.

రెండో వారంలో అసలు గండం వచ్చింది. ఏప్రిల్ ఎండ. ఇంగ్లాండు నుంచి వచ్చిన దంపతులు. ఆయన ఏనుగంత మనిషి, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. కుర్చీలో కూలబడి, చెమట తుడుచుకుంటూ, పళ్ళు బిగించి అన్నాడు: "ఐ కుడ్ మర్డర్ ఎ కప్ప!" మర్డర్ అంటే నాకు తెలుసు. కప్ప అంటే ఇంకా బాగా తెలుసు. గబగబా గ్రామర్ గారి దగ్గరికి పోయి, "సార్, గాయన కప్పను మర్డర్ చేస్తనంటున్నడు" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "కప్ప కాదమ్మాయ్. కాపర్ అనుంటాడు. వాళ్ళ దేశంలో పోలీసును అలా అంటారు, నిఘంటువులో ఉంది" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "అంటే... పోలీసును హత్య చేస్తానంటున్నాడన్నమాట" అన్నారు. ఆ మాట సేఠ్ చెవిన పడింది. ఆయన ముత్యాల పళ్ళెం ఎత్తి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడి ఆ పెద్దమనిషి చేతుల వైపే చూస్తున్నాం. చివరికి ఆయన భార్యే మా వాలకం చూసి పగలబడి నవ్వి, రెండు వేళ్ళతో కప్పు పట్టుకున్నట్టు పట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊది చూపించింది. చాయ్! ఆయనకు కావలసింది చాయ్! తెప్పించిన ఇరానీ చాయ్ మూడు కప్పులు తాగి, మనిషి మంచులా చల్లబడ్డాడు. సేఠ్ మాత్రం నా వైపు తిరిగి, "ఇంక పదిహేను రోజులున్నయ్ నీకు. యాద్ పెట్టుకో" అన్నాడు. (గ్రామర్ గారిని ఏమీ అనలేదు. ఎం.ఏ. కదా.)

ఆ సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో ఒక నోటుబుక్కు కొన్నాను. పుస్తకంలో ఎలా ఉందని కాకుండా, చెవికి ఎలా వినబడితే అలా తెలుగులో రాసుకుని, మళ్ళీ ఎవరైనా అన్నప్పుడు గమనించి అర్థం పట్టుకోవడం మొదలుపెట్టాను. వాన అంటే కావాలి. దున్న అంటే తెలీదు. కప్ప అంటే చాయ్. దాన్ని మర్డర్ చేస్తాననడమంటే తాగాలని ప్రాణం లాగడం. మాట పక్కనే, అన్నప్పుడు వాళ్ళ ముఖం ఎలా ఉందో, చేతులు ఏం చేశాయో కూడా రాసేదాన్ని. బాపు దాన్ని పరీక్ష చదువులా చదివేవాడు. పాలు ఆలస్యమెందుకైందని ఎవరైనా అడిగితే, భుజాలెగరేసి గంభీరంగా "దున్న" అనేవాడు.

నెల నిండడానికి మూడు రోజులుందనగా ఆస్ట్రేలియా నుంచి ఒకామె వాళ్ళమ్మను తీసుకుని వచ్చింది. తల్లికి ఎనభై ఏళ్ళుంటాయి, నీలం టోపీ పెట్టుకుంది. ఆమెను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. కూతురు అద్దం ముందు దండలు వేసుకుని చూసుకుంటూ ఉండగా, గ్రామర్ గారు లోపలి గదిలోంచి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఆమె వెనక్కి తిరిగి, "ఓ నో! మమ్స్ గాన్ వాకబౌట్ అగైన్!" అంది. గ్రామర్ గారు ఉన్నచోటే నిలబడిపోయారు. నా చెవిలో, "వాళ్ళమ్మగారు పోయారట" అని, రెండు చేతులూ కట్టుకుని ఆమె ముందుకు వెళ్ళి, మూడు కామాలతో సహా తన ప్రగాఢ సంతాపం తెలియజేశారు. ఆమె ముఖం తెల్లబోయింది. "వాట్? వేర్ ఈజ్ షి? వాట్ హ్యాపెన్డ్ టు హర్?" అని కేక వేసి, ఆ దండతోనే కుర్చీలో కూలిపోయి ఏడవడం మొదలుపెట్టింది. తన తల్లి చనిపోయిన కబురు మాకు అందిందనుకుంది పాపం! సేఠ్ తల పట్టుకున్నాడు.

వాకబౌట్ అంటే అప్పటికి నాకూ తెలియదు (చెప్పకుండా ఎటో తిరగడానికి పోవడమని తరవాత తెలిసింది). కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో దుఃఖం లేదు, విసుగు ఉంది. చూపు గుమ్మం వైపు ఉంది. స్టూలు ఖాళీగా ఉంది. అన్నిటికీ మించి చివరి మాట నాకు స్పష్టంగా వినబడింది.

"సార్, అగైన్ అన్నది సార్! సచ్చినోళ్ళు మళ్ళ సస్తరా?"

నేను ఆమె భుజం పట్టుకుని, "నో డై మేడమ్! మదర్ వాకింగ్. ఐ బ్రింగ్" అన్నాను. ఆ వాక్యంలో వ్యాకరణం లేదని నాకూ తెలుసు, ఆమె ఏడుపు మాత్రం ఆగింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను. "భాయ్, నీలీ టోపీ వాలీ గోరీ అమ్మాకో దేఖే క్యా?" అని, నీలం టోపీ తెల్లామెను చూశారా అని, కనబడిన ప్రతి దుకాణం ముందూ అరిచాను. దుప్పట్టాలమ్మే ఆయన చార్మినార్ వైపు చెయ్యి చూపించాడు. ఆటోల మధ్య నుంచి, తోపుడు బండ్ల మధ్య నుంచి దూరి పోతుంటే ఒకటే భయం. ఆ గుంపులో ఆమె కింద పడితే? నాలుగు దుకాణాల అవతల, అత్తరు అమ్మే ముసలాయన బల్ల మీద ఆమె మహారాణిలా కూర్చుని ఉంది. రెండు చేతులూ మోచేతుల దాకా అత్తరుతో మెరిసిపోతున్నాయి. ఆయన ఉర్దూలో, ఆమె ఇంగ్లీషులో, ఇద్దరూ మహా జోరుగా మాట్లాడుకుంటున్నారు.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కూతురు తల్లిని కావలించుకుంది, తిట్టింది, మళ్ళీ కావలించుకుంది. సేఠ్ నాకు చాయ్ తెప్పించి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "నెల ఏంది, గినెల ఏంది! రేపటి సంది నీ నౌకరీ పక్కా" అన్నాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక గ్రామర్ గారు వచ్చి, "అమ్మాయ్, నీ నోటుబుక్కు ఒకసారి ఇస్తావా?" అని అడిగి, తన ఫౌంటెన్ పెన్నుతో రెండు పేజీలు ఎక్కించుకున్నారు. ఇంగ్లీషులో నాకు ఎవరైనా ఇచ్చిన డిగ్రీ అంటూ ఉంటే అదే.

వెళ్ళేముందు ఆ ముసలామె నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. "యస్ మేడమ్" అన్నాను. ఇంటికి పోయేసరికి అత్తరు వాసనకు బర్రెలు కూడా తలలు తిప్పి చూశాయి. "ఏమన్నదే గామె?" అని బాపు ఆత్రంగా అడిగాడు. "అసుంటి బిడ్డను కన్న తండ్రి ఎవరో గాని గొప్పోడు అన్నది బాపు" అన్నాను. ఆ వారమంతా పాలతో పాటు ఆ మాట కూడా ఇంటింటికీ పోశాడు.

ఇప్పుడు నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. పేజీలకు పేజీలు చదువుతాను, ఎవరేమన్నా తడుముకోకుండా బదులు చెబుతాను. ఆ రోజు ఆమె చెప్పిందేమిటో మాత్రం ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఈనాటికీ తేలలేదు. అయినా నా అనువాదాన్ని మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు.