పెర్లా ఇంటి వెండి దీపం

ఇటలీలోని లివోర్నో రేవు పక్క సందులో పగడాలకు చిల్లులు వేసే బోనీనాను ఎరగనివాళ్లు లేరు. పని మంచిది, మాట మంచిది. తోడికోడలు పెర్లా పేరెత్తితే మాత్రం మూతి ముడుచుకుపోయేది. ఎందుకు ముడుచుకోదు మరి? పెద్దకోడలు తనుండగా, అత్తగారు పోతూ పోతూ యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతుకు వెలిగించే తాతలనాటి వెండి దీపాన్ని చిన్నకోడలి చేతిలో పెట్టింది! ప్రతి శుక్రవారం ఆ ఇంటికే వెళ్లి, దూలానికి గొలుసుతో వేలాడే ఆ దీపం కింద కూర్చుని తినాలి. "పెర్లా ఇల్లు ఎంత కళగా ఉందో!" అని కట్టుకున్న మొగుడే అంటుంటే బోనీనాకు చేపల పులుసు గొంతు దిగేది కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పెర్లా వంటలో ఉంటే, దీపం తోమే పని బోనీనా తనే తీసుకుంది. గొలుసులో ఒక లంకె నోరు తెరుచుకుని కనిపించింది. పటకారుతో ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది. బోనీనా నొక్కలేదు. 'పడనీ, సొట్టలు పోనీ! దాని మిడిసిపాటు అణుగుతుంది' అనుకుంది.

పొద్దు వాలేముందు పెర్లా నూనె పోసి, వత్తులు వెలిగించి, కళ్లు మూసుకుని ప్రార్థించింది. ఇక సబ్బాతు నియమం ప్రకారం మర్నాడు నక్షత్రాలు పొడిచేదాకా ఆ దీపాన్ని ఎవరూ ముట్టకూడదు.

భోజనాల వేళ పెర్లా తన పసిదాన్ని తొట్టితో సహా తెచ్చి సరిగ్గా దీపం కిందే పెట్టింది. బోనీనా పైనున్న లంకె వైపు చూసింది.

"తొట్టి అవతల పెట్టవే, నూనె పడుతుంది."

"వెలుగు చూస్తేగాని ఈ రాకాసి ఊరుకోదక్కా! అయినా నీకెప్పుడూ ఆ దీపం మీదే కన్ను."

అందరూ గొల్లుమన్నారు. లంకె సంగతి చెబితే మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదంటారు. బోనీనా పళ్లెం వదిలి గొలుసునే చూస్తూ కూర్చుంది. ఇంతలో గొలుసు కిర్రుమంది. సబ్బాతు లేదు, గిబ్బాతు లేదు, ఒక్క ఉదుటున లేచి, లంకె ఊడి పడుతున్న దీపాన్ని కాలుతుండగానే రెండు చేతులా పట్టేసుకుంది.

పసిదాని మీద చుక్క పడలేదు. బోనీనా అరచేతులు బొబ్బలెక్కాయి.

శనివారం నక్షత్రాలు పొడవగానే పెర్లా దీపాన్ని గుడ్డలో చుట్టి బోనీనా ఇంటికి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "ఇక ఇది నీదే అక్కా." చూడవచ్చిన ఇరుగుపొరుగు "ఏం మనసమ్మా పెర్లాది!" అంటుంటే బోనీనాకు కాలిన చేతులకన్నా ఆ మాటే ఎక్కువ మండింది.

గుమ్మం దగ్గర పెర్లా గొంతు తగ్గించింది. "లంకె బాగుచేయించు. నిన్న తోముతూ నువ్వు దేన్నో చూస్తూ ఆగిపోయావు. ఏం చూశావో దీపం ఊడాక అర్థమైంది నాకు."

"తెలిసీ ఇస్తున్నావా?"

"నా పిల్ల బతికిందిగా అక్కా" అని వెళ్లిపోయింది.

ఆ మాట పెర్లా మళ్లీ ఎక్కడా ఎత్తలేదు, మొగుడి దగ్గర కూడా. వెండి తన ఇంటికొచ్చింది గాని, ఆ మనసు తనకెందుకు లేకపోయిందా అని బోనీనా బతికినన్నాళ్లూ కుళ్లుకుంది.